నాగరత్నం గొంతు, ఏడుకొండలు వైద్యం

అది 2003, వానాకాలం చివర. విజయవాడ సూర్యారావుపేటలో ఇంటికో డాక్టరు బోర్డు వేలాడుతుంది. అందులో నాదీ ఒకటి. నేను జనరల్ ఫిజీషియన్ని. షుగరు, బీపీ, థైరాయిడ్ కేసులతోనే నాకు తెల్లవారి పొద్దుగూకుతుంది. ఈ డాక్టరమ్మకు ఓపిక తక్కువని పేషెంట్లు అనుకుంటారని నాకు తెలుసు. మందులు సరిగ్గా వేసుకోకుండా వచ్చి "తగ్గలేదండీ" అనేవాళ్ళను చూస్తే నాకు నిజంగానే ఒళ్ళు మండుతుంది.

ఒకరోజు కైకలూరు వైపు నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆమె పేరు నాగరత్నం, నలభై దాటిన మనిషి. కొల్లేటి చేపలు దిగే మార్కెట్లో వేలం పాడటం ఆమె పని. బుట్ట దిగగానే ధర ఎత్తుకుని, వర్తకుల్ని రెచ్చగొట్టి, ఊపిరి తీసుకోకుండా రేటు పైకి లాక్కెళ్ళాలి. భర్త ఏడుకొండలు అదే మార్కెట్లో బుట్టలు తూకం వేస్తాడు.

"ఏమిటమ్మా బాధ?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కాసేపాగి మళ్ళీ చూసింది. జవాబు ఇంకా బయల్దేరకముందే భర్త అందుకున్నాడు.

"ఇదేనండి బాధ. ఏదడిగినా ఇట్టా ఆలోచిస్తందండి. మొన్న కొరమేను బుట్ట పాడతా ఏడొందలని ఆగిపోయింది. తర్వాత ఏం చెప్పుద్దోనని అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తన్నారు. చూస్తే కునుకు తీస్తందండి. పాడుకున్నోడు ఏడొందలకే బుట్ట ఎత్తుకుపోయాడు."

నాగరత్నం అప్పటికి తేరుకుని, బొంగురు గొంతుతో, "కునుకు కాదండి... కళ్ళు మూశానంతే," అంది.

ఉబ్బిన ముఖం, పొడిబారిన చర్మం, నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం, మాటలో ఆ నిదానం చూశాక పెద్దగా ఆలోచించాల్సిన పనిలేదు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది. థైరాయిడ్ గ్రంథి పని తగ్గించేస్తే, పని చెయ్యమని దాన్ని తరిమే హార్మోను అది. గ్రంథి ఎంత మొద్దుబారితే అది అంత పెరుగుతుంది. హిమోగ్లోబిన్ కూడా బాగా తక్కువగా ఉంది. పొద్దున్నే పరగడుపున థైరాక్సిన్ మాత్ర, రాత్రి భోజనం తర్వాత ఐరనూ విటమిన్లూ కలిసిన మాత్ర రాశాను.

వెళ్ళబోతూ ఆమె ఆగింది. ఏటా ఉగాది ముందు వర్తకులంతా కూర్చుని వచ్చే ఏడాది వేలం ఎవరు పాడాలో తేలుస్తారట. అత్తగారి తర్వాత ఆ చోటు ఈమెకే వచ్చింది. ఇప్పుడు మరిది అక్కడ గొంతు సవరించుకుంటున్నాడు.

"ఈలోగా గొంతు రాకపోతే ఇంక బుట్టలు కడుక్కోవాల్సిందేనమ్మా," అంది. ఆ ఒక్క మాట మాత్రం తడబడకుండా అంది. నాకు మనసు చివుక్కుమంది.

ఆరు వారాల తర్వాత పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ పెద్దగా దిగలేదు. డోసు పెంచాను. మళ్ళీ ఆరు వారాలకు వచ్చారు. అదే ఉబ్బు, అదే నిదానం. మళ్ళీ పెంచాను. నాలుగోసారి రిపోర్టు చూసేసరికి సంక్రాంతి వెళ్ళిపోయింది, నా ఓపికా అయిపోయింది. ఇంత డోసుకు గోడకైనా చలనం రావాలి.

"మీరు మందు వేసుకోవట్లేదు. ఇంకెందుకు ఇంతదూరం రావడం?" అన్నాను.

ఏడుకొండలు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "ఎంతమాటండి. తెల్లారగట్ట లేచి నా చేత్తో నేనే ఇస్తన్నానండి. ఒక్కపూట తప్పలేదు. కావాలంటే ఒట్టేయమనండి."

"ఒట్లు వద్దు. ఈ రాత్రికి ఊళ్ళోనే ఉండి, రేపు పొద్దున్నే ఇక్కడికి రండి. నా కళ్ళెదురుగా ఎలా ఇస్తారో అలా ఇవ్వండి."

పటమటలో చుట్టాలింట్లో ఉండి, మర్నాడు క్లినిక్కు తలుపులు తీసేసరికి వచ్చేశారు. ఏడుకొండలు బెంచీ మీద తువ్వాలు పరిచాడు. సంచిలోంచి ఫ్లాస్కు తీశాడు, స్టీలు గ్లాసు తీశాడు. చిక్కటి గేదెపాలు నిండా పోశాడు. నాగరత్నం అరచేతిలో థైరాక్సిన్ మాత్ర పెట్టాడు. పక్కనే ఎర్రటి ఐరన్ మాత్ర కూడా పెట్టాడు. ఆమె రెండూ ఒకేసారి నోట్లో వేసుకుని పాలగ్లాసు ఎత్తబోయింది.

"ఆగండాగండి. ఆ పాలెందుకు?"

"థైరాయిడ్ మాత్ర వేడి చేస్తదంటగదండి. చలవకి పాలండి. మీరు డోసు పెంచినప్పుడల్లా నేనూ పాలు పెంచుకుంటా వచ్చానండి."

"రాత్రి వెయ్యమన్న మాత్ర పొద్దున్నే ఎందుకిస్తున్నారు?"

"అది బలం మాత్రగదండి. పనికెళ్ళే మనిషికి కావాలిగాని, పడుకునేదానికి బలం దేనికండి?"

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. మనిషి ఎంత శ్రద్ధగా చేశాడో చూసి తిట్టడానికి నోరు రాలేదు. నేను డోసు పెంచుతున్న కొద్దీ ఆయన పాలు పెంచాడు. మా ఇద్దరి పోటీలో నాగరత్నం నిద్రపోయింది.

ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. పాలలోని కాల్షియం, మాత్రలోని ఐరన్ థైరాక్సిన్‌ను కడుపులోనే పట్టేసుకుంటాయి. రక్తంలోకి వెళ్ళేది కొంచెమే. నాగరత్నం మాత్రలు చేతిలోకి ఉమ్మేసి, "అయితే బలం మాత్ర మానెయ్యనా?" అంది.

మానకూడదు, తిరకాసంతా అక్కడే ఉంది. మనం మింగే థైరాక్సిన్ పేరు టీ-ఫోర్. ఒంట్లోకి వెళ్ళాక అది టీ-త్రీగా మారితేనే అసలు పని జరుగుతుంది. ఒంట్లో ఐరన్, సెలీనియం, కొన్ని విటమిన్లు తక్కువైతే ఆ మార్పు మందగిస్తుంది. ఈమెకు ఐరన్ తప్పనిసరి. కాకపోతే రెండింటి మధ్యా కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఆమె తన పద్ధతిలో చాలాసేపు ఆలోచించింది. "మా తోడికోడలూ నేనూ లాగన్నమాట. ఇంటికి ఇద్దరం కావాలి. పొయ్యి దగ్గర మాత్రం ఒకేసారి ఉండకూడదు."

పుస్తకాల్లో ఇంత తేలిగ్గా లేదు. పొద్దున్నే ఉత్త మంచినీళ్ళతో థైరాక్సిన్, గంట తర్వాతే కాఫీ అయినా పాలైనా. ఐరన్ మాత్ర రాత్రికే, నిమ్మకాయ నీళ్ళతో. నిమ్మలోని విటమిన్ సి ఐరన్‌ను ఒంటికి బాగా పట్టనిస్తుంది. ఇక మందంతా లోపలికి వెళ్తుంది కాబట్టి డోసు బాగా తగ్గించాను. ఏడుకొండలుకు అది అస్సలు నచ్చలేదు.

"పనిచెయ్యట్లేదని వస్తే తగ్గిస్తారేంటండి?" అన్నాడు.

ఉగాది దాటాక ఒకరోజు గదిలో పేషెంటును చూస్తుంటే హాల్లోంచి ఒక గొంతు వినిపించింది. మా కాంపౌండరుతో టోకెన్ల వరసలో అన్యాయం జరిగిందని వాదిస్తోంది. ఆ గొంతు నాకు కొత్త. మనిషి లోపలికి వచ్చాక చూస్తే నాగరత్నం. ముఖంలో వాపు లేదు. రిపోర్టు బల్లమీద పెట్టింది. టీఎస్‌హెచ్ చక్కగా దిగింది. నేను అది చదివేలోపే వర్తకుల ముందు ఏం జరిగిందో చెప్పేసింది.

"ఒకే బుట్టకి ఇద్దర్నీ పాడమన్నారమ్మా. మా మరిది నోట్లో ఒక అంకె ఉండగానే నేను మూడు పాడేశాను. బుట్ట నా పాటకే పోయింది. చోటు నాదే అన్నారు."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

అప్పటినుంచి థైరాయిడ్ పేషెంట్లను "మందు వాడుతున్నారా" అని అడగడం మానేశాను. దేనితో మింగుతున్నారు, పక్కన ఇంకేం వేసుకుంటున్నారు, ఎవరిస్తున్నారు అని అడుగుతాను. మందు పనిచెయ్యనప్పుడు ప్రతిసారీ నిర్లక్ష్యమే కారణం కాదు. ఒక్కోసారి ఇంట్లోవాళ్ళ ప్రేమ కూడా అడ్డుపడుతుంది.

ఆ రోజు వెళ్ళేముందు నాగరత్నం భర్తను ముందుకు తోసింది. "ఈయనక్కూడా టెస్టు రాయండమ్మా. ఈమధ్య ఏదడిగినా జవాబు రావట్లేదు. నాకు వచ్చినట్టే వచ్చిందేమో."

రాశాను. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. అంతా నార్మల్.

ఏడుకొండలు రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుంటూ, ఆమె చెప్పుల కోసం బయటికి వెళ్ళడం చూసి, మెల్లగా అన్నాడు. "నాకేం లేదని తెలుసండి. సందు దొరకట్లేదంతే."