సరోజమ్మ చూపించిన హాలీవుడ్ నటి

హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సు కోసం కూర్చుని ఉండగా పక్క బెంచీ మీది ఫోనులోంచి ఒక బొంగురు గొంతు వినబడింది. నలుపు తెలుపు కాలపు హాలీవుడ్ నటి గొంతు; తెర చూడకుండానే గుర్తుపట్టాను. వెంటనే వ్యాఖ్యాత అందుకుని ఆమె పెళ్లిళ్లు, విడాకులు ఏకరువు పెట్టాడు. ఆమె నటన గురించి ఒక్క వాక్యమైనా చెప్పలేదు. ఆ నటిని నాకు పరిచయం చేసిన మనిషి సరోజమ్మ గారు.

సరోజమ్మ గారు సూళగిరి బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. భర్తను వదిలి వచ్చి అద్దె ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. శనివారం సాయంత్రాలు ముందు గదిలో టీవీ పెట్టి ఊళ్లో పిల్లలకు, నాలాంటి కుర్రాళ్లకు పాత సినిమాలు చూపించేవారు. నటి గురించి మాట్లాడేవాళ్లు ముఖంతో మొదలుపెట్టకూడదని ఆవిడ నియమం. "అందం పుట్టుకతో వచ్చిందప్పా. సంపాదించుకొనింది ఏమో అది చెప్పండి" అనేవారు. ఆ నటి వయసులో ఉన్నంత కాలం సినిమా కంపెనీలు ఆమెను నాయకుడి చేయి పట్టుకుని నవ్వే వేషాలకే వాడుకున్నాయి. వయసు మళ్లి పిలుపులు ఆగిపోయాక ఆమె రంగు కడుక్కుని పనిమనుషుల, ముసలి తల్లుల పాత్రలు అడిగి తీసుకుంది. ఈనాటికీ నిలిచినవి అవే.

ఒక శనివారం ఆ నటి సినిమా నడుస్తుండగా ఇంటి యజమాని కృష్ణప్ప వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతని కూతురు లక్ష్మి మాతోపాటు కూర్చుని ఉంది.

"టీచరమ్మా, ఈయమ్మ మూడు పెళ్లిళ్లు చేసుకొనిందంట కదా. ఇంక మా పాప ఈడికి రాదు."

అప్పట్లో నేను చర్చా సభల వేడిలో ఉన్నవాణ్ణి. స్త్రీ స్వేచ్ఛ మీద ఉపన్యాసానికి లేచాను. ఆవిడ చేత్తోనే నన్ను కూర్చోబెట్టారు.

"నిజమే కృష్ణప్పా, మూడు చేసుకొనింది. కొంచేపు ఆమె పని కూడా చూడు. అప్పుడూ వద్దంటే పాపను పిల్చుకొని పో."

ఒక ఆడపిల్ల హక్కును తండ్రి ఇష్టానికి వదిలేయడం నాకు నచ్చలేదు. తెర మీద ఆ నటి ఆసుపత్రిలో బట్టలుతికే ముసలిది. కొడుకు పోయాడని ఎవరో వచ్చి చెప్పారు; సరోజమ్మ గారు ఆ మాట తెలుగులో అందించారు. ఆమె ఏడవలేదు. చేతిలోని దుప్పటి మడత పెట్టింది. అంచులు కలవకపోతే విప్పి, మళ్లీ మడిచింది.

"ఏడవదేమి?" అన్నాడు కృష్ణప్ప.

"నువ్వే చెప్పు."

"ఏడిస్తే పని నిలిచిపోతుంది. మా అమ్మ అట్లనే."

లక్ష్మి బిక్కుబిక్కుమంటూ లేచింది. "పోదామా నాయనా?"

"ఉండు పాపా. ఆయమ్మ ఏమవుతుందో చూసి పోదాము."

సినిమా అయ్యాక, "పెళ్లిళ్ల సంగతి మాత్రం నాకు ఒప్పలేదు" అన్నాడు. చెప్పులేసుకుంటూ, "వచ్చే వారం కొంచెం ముందుగా పెట్టు టీచరమ్మా, పాలు పిండే వేళ అయిపోతా ఉంది" అన్నాడు. లక్ష్మి ఆ తర్వాత ఒక్క శనివారమూ మానలేదు.

నేను మాట్లాడి ఉంటే వాదన గెలిచేవాణ్ణి, లక్ష్మి ఇంట్లో ఉండిపోయేది. సరోజమ్మ గారు ఒక నిజాన్ని దాచలేదు, ఆ ఒక్క నిజమే మొత్తం మనిషి కానివ్వలేదు. విగ్రహాలను ద్వేషించే నాకు, బురద చల్లడం కూడా విగ్రహారాధన వంటి సోమరితనమేనని అక్కడే తెలిసింది.

మొన్న హోసూరులో నేను బస్సెక్కింది కృష్ణగిరిలో ఆవిడ సంతాప సభకే. వక్తలంతా ఆవిడను దేవత అన్నారు. భర్తను వదిలిన మాట ఎవరూ ఎత్తలేదు. నా వంతు వచ్చింది. ఆవిడ తన ఇష్టంతోనే భర్తను వదిలారని, ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదని, మాకు చూడడం నేర్పారని చెప్పాను. వెనక వరసలోంచి లక్ష్మి గొంతు వినబడింది.

"వంట కూడా బాగా చేసేది కాదు. అదీ చెప్పన్నా."

అదీ చెప్పాను.