కిరసనాయిలు గుడ్డ

మా చిన్నక్క ఏ వాసన చూసినా ముందు కళ్లు మూసుకునేది. రాజపాళయంలో బ్యాండేజీ గుడ్డ నేసే మిల్లులో పని చేస్తూనే, పెద్ద హోటల్లో వైన్ వడ్డించే ఉద్యోగం కోసం ఫ్రాన్సు ద్రాక్షల గురించి చదివేది. పరీక్షలో వాసన చూసి ద్రాక్ష పేరు చెప్పాలట. మా ఇంట్లో వైన్ ఎవరు కొనిస్తారు? అందుకే మిల్లు గుడ్డముక్కలకు రకరకాల వాసనలు పట్టించి సీసాల్లో దాచింది. మిరియాలైతే రోన్ లోయలో పండే సిరా ద్రాక్ష. రోజాపూలైతే అల్సాస్ గెవుర్త్స్‌ట్రామినర్. కిరసనాయిలైతే అక్కడిదే రీస్లింగ్. నేను ముక్కు దగ్గర పెడితే ఒక్కటీ తప్పేది కాదు.

ఒకసారి జ్వరమొచ్చి ఆమెకు వాసన తెలియడం పోయింది. పరీక్ష దగ్గరపడ్డాక నన్ను పిలిచింది.

"మళ్లా వాసన తెలస్తా ఉండాది పాప. ఒకటి పెట్టి చూడు. తప్పితే నేను పోను."

కిరసనాయిలు గుడ్డ పెట్టాను. కళ్లు మూసుకుని చాలాసేపు పీల్చింది. ముఖం మెల్లగా విప్పారింది.

"రోజా. అల్సాస్‌ది. సరియా?"

నా చేతుల నిండా కిరసనాయిలు కంపే.

"సరిగా చెప్పినావు అక్కా," అన్నాను.

నా మాట నమ్మి మర్నాడు పరీక్షకు చెన్నై బస్సెక్కింది. తిరిగొచ్చాక సీసాలన్నీ కడిగి బోర్లించింది. కిరసనాయిలు గుడ్డ మాత్రం నా చేతిలో పెట్టింది.