గుడారం వాకిట్లో కర్ర

ఆ రోజు మధ్యాహ్నానికే బిగ్గా రెండుసార్లు ఇల్లు మారింది. పదకొండింటికి ఒకసారి, ఒంటిగంటకు ఇంకోసారి. గంట మోగగానే గుడారం విప్పి, వాసాలు రెయిన్‌డీర్ల మీద కట్టి, మడుగు చుట్టూ నడిచి, మళ్ళీ అదే చోట గుడారం వేయాలి. జర్మన్లు టిక్కెట్టు కొని కంచె అవతల నిలబడి చూసేవారు. సముద్రం అవతల, రెయిన్‌డీర్లు కాసుకునే మా ఉత్తరపు మంచుకొండల్లో మేత అయిపోతే ఇల్లు మారుస్తాం. 1911లో, మమ్మల్ని జనానికి చూపించే ఆ జర్మన్ జంతుప్రదర్శనశాలలో, గంట మోగితే మార్చేవాళ్ళం.

బిగ్గాకు అప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. మా కొండల్లో ముప్ఫైమందికి పైగా ఆమె చేతుల్లో పుట్టారు. తోడేళ్ళు మందలో సగాన్ని తినేసిన ఏడాది కూతురు ఎల్లెతో, అల్లుడు యోవ్నాతో కలిసి ఈ ప్రదర్శన కూలికి ఒప్పుకుని ఓడ ఎక్కింది. కూతురు నెల తప్పిందని ఓడ ఎక్కాకే తెలిసింది.

మేనేజరు చెడ్డవాడేమీ కాదు. ఎల్లెకు రోజూ పాలు పంపేవాడు, నారింజపళ్ళు తెచ్చిచ్చేవాడు. నెలలు నిండాక మాత్రం పత్రికల కోసం ఒక ప్రకటన రాసుకొచ్చాడు. గుడారంలో కాన్పు జరుగుతుందనీ, జనం వచ్చి చూడవచ్చనీ అందులో ఉంది. పది నుంచి ఆరు దాకా గుడారం తెర ఎత్తి ఉంచాలని ఒప్పందంలోనే రాసి ఉందట. యోవ్నాకు చదువు రాదు. ఆ కాగితం మీద గుర్తు పెట్టేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఎల్లెకు తిండి సహించలేదు. నొప్పులొస్తే ఆరు దాటేదాకా పళ్ళ బిగువున ఆపుకుంటానంది.

"ఆపితే ఆగేది కాదు తల్లీ," అంది బిగ్గా.

రెండోసారి గుడారం వేసిన కాసేపటికే నొప్పులు మొదలయ్యాయి. బిగ్గా అల్లుణ్ణి రెయిన్‌డీర్ల దగ్గరికి పంపేసింది. తెర దించి, ఒక వాసాన్ని వాకిలికి అడ్డంగా ఆనించి, దాని కింద నుంచి లోపలికి దూరింది. మాకు తాళాలు లేవు. వాకిలికి అడ్డంగా కర్ర ఉంటే ఇంట్లో ఎవరూ లేరని అర్థం. దాన్ని తీసి లోపలికి వెళ్ళేవాడు మాలో లేడు.

నాలుగింటికి గంట మోగింది. కంచె పొడవునా జనం. గుడారం కదల్లేదు. మేనేజరు దుబాసీ నిల్లాస్‌ను పంపి తనూ వెనకే వచ్చాడు. నిల్లాస్ మావాడే, వాడికి బొడ్డు కోసింది కూడా బిగ్గాయే. కర్ర చూసి ఆగిపోయాడు.

"అత్తా, తెర ఎత్తమంటున్నాడు."

"వాకిట్లో ఏముందిరా?" అని లోపలి నుంచి అడిగింది బిగ్గా.

"కర్ర."

"అయితే ఇంట్లో ఎవరున్నారు?"

ఎల్లె మూలుగు బయటికి వినిపిస్తూనే ఉంది.

"ఎవరూ లేరత్తా."

"ఆ మాటే వాళ్ళకి చెప్పు. చెప్పి, వీపు ఇటు పెట్టి అక్కడే నించో."

ఇంట్లో ఎవరూ లేరని నిల్లాస్ జర్మన్‌లో చెప్పాడు. మేనేజరు ఆ మూలుగు విన్నాడు. ముఖం ఎర్రబడింది. కర్ర తీయకపోతే ఉద్యోగం పోతుందన్నాడు. పోతే పోనిమ్మనీ, కావాలంటే ఆ కర్ర ఆయన్నే తీయమనీ చెప్పి నిల్లాస్ పక్కకు జరిగాడు.

మేనేజరు కర్ర మీద చెయ్యి వేశాడు. కంచె వైపు చూశాడు. అంతమందీ గుడారాన్ని వదిలి తననే చూస్తున్నారని అప్పుడే గమనించినట్టున్నాడు. చెయ్యి తీసేసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

అయిదుంబావుకు ఆడపిల్ల పుట్టింది. చూసినవాళ్ళు తల్లీ, అమ్మమ్మా. ఆ వారం చివర నిల్లాస్ లెక్క తేల్చి పంపేశారు. పాలు, నారింజపళ్ళు మాత్రం ఆగలేదు.

కాన్పు మర్నాడు పదకొండింటికి మళ్ళీ గంట కొట్టారు. బిగ్గా గుడారం విప్పలేదు. ఆ కర్ర తొమ్మిది రోజులు అక్కడే ఉంది.