పడవ మీద బావ ఏరియల్

పోయిన నెల మా బావ కన్నుమూశాడు. మధ్యాహ్నం అన్నం తిని ఖానాపూర్‌లో వాళ్లింట్లోనే మంచం మీద నడుం వాల్చాడు, మళ్లీ లేవలేదు. కరీంనగర్ నుంచి నేను చేరేసరికి అక్క గుమ్మంలో కూర్చుని వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకటే మాట చెబుతోంది: "నీళ్లల్ల మునుగుతడని గిన్నేండ్లు భయపడ్డ. గీయన మంచంల పోయిండు." ఏడుస్తూనే అంటోంది, కోపంగానూ అంటోంది. ఆ కోపం మీకు అర్థం కావాలంటే పడవ సంగతి చెప్పాలి.

బావ నస్పూర్ బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. ఉద్యోగమంతా భూమి కింద చేసినవాడు, రిటైరయ్యి ఖానాపూర్‌లో స్థిరపడ్డాక పైకి చూడటం మొదలుపెట్టాడు. పరీక్ష రాసి, ఇంటి నుంచే వైర్‌లెస్‌లో మాట్లాడే హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాడు. మిద్దె మీద తీగలు కట్టి ఏయే దేశాల వాళ్లతోనో మాట్లాడేవాడు. ఏవో గొప్ప విషయాలనుకోకండి. నీ గొంతు బాగా వినబడుతోంది, నాది ఎలా వినబడుతోంది అన్నదే ఇంగ్లీషులో అటూ ఇటూ తిప్పి చెప్పుకునేవారు.

"గింత ముచ్చటకు గన్ని తీగలెందుకు బావా?" అని ఒకసారి అడిగాను.

"పెండ్లిళ్లల్ల మీరు మాట్లాడుకునేది గింతకన్న ఎక్కువనా బామ్మర్ది?" అన్నాడు.

ఒక వానాకాలం వాగు పొంగి అవతలి ఊళ్లకు కరెంటు, ఫోన్లు పోయాయి. అలాంటప్పుడు కబురు అందించడానికి పడవలో రేడియో పెట్టాలన్న పురుగు ఆయన్ను తొలిచేసింది. చేపలు పట్టేవాళ్ల దగ్గర చిన్న మోటారు పడవ కొనుక్కొచ్చాడు. అక్క అడ్డం తిరిగింది. ఆయనకు ఈత రాదు, గుండెకు స్టెంటు వేశారు, పడవ తిప్పే ఊరి పక్క జలాశయం నడుమ ఫోన్ అందదు. చివరికి ఒక షరతు పెట్టింది: "నీళ్ల నడిమికెల్లి నీ గొంతు ఇంట్ల నాకు ఇనవడాలె. ఇనవడితె ఫికర్ లేకుంట పో. లేకపోతె పడవ అమ్ముడే."

వింటే సరిపోదు, జవాబు కూడా చెప్పాలని బావ ఆమెతోనూ లైసెన్సు పరీక్ష రాయించాడు. ఆమె పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కొడుతుంటే పక్కన కూర్చుని ప్రశ్నలడిగేవాడు. అక్క మొదటిసారికే పాసైంది. నేనూ రాసి ఫెయిలయ్యాను. ఆ విషయం చుట్టాలందరికీ చెప్పే బాధ్యత బావే తీసుకున్నాడు.

ఇక మాటను గాలిలోకి పంపే ఏరియల్. మొదట ఇనుప పైపు నిలబెట్టాడు. పడవ ఒక పక్కకు ఒరిగి మా ఇద్దరినీ ఒడ్డు బురదలో దించింది. తర్వాత వెదురు బొంగు తెచ్చి, దాని పొడవునా రాగి తీగ కట్టి, నైలాన్ తాళ్లతో నాలుగు మూలలకూ బిగించాడు. ఇంకో తీగ నీళ్లలోకి దిగాలి. "గాలిల ఒక చెయ్యి, నీళ్లల్ల ఒక చెయ్యి పెట్టాలె బామ్మర్ది, గప్పుడే మాట కదులుతది" అనేవాడు. నీళ్లలో పెట్టే చేతికి పెద్ద రాగి వస్తువు కావాలి. అక్క పెండ్లికి మా అవ్వ పెట్టిన రాగి బిందె ఇంట్లోంచి మాయమైంది.

ఒడ్డున వల అల్లుకుంటున్న ముసలాయన అడిగాడు, "సారూ, బిందెల చేపలు పడ్తయా?"

"మాటలు పడ్తయి" అన్నాడు బావ.

అక్క షరతు తీర్చే రోజు దసరా. ఆ రోజు మా దగ్గర బండ్లకు, పనిముట్లకు పూజ చేస్తారు కదా. అక్క ఒడ్డుకు వచ్చి పడవకు పసుపు కుంకుమ పెట్టింది, బంతిపూల దండ వేసింది, బొంగు మొదట్లో నిమ్మకాయ, మిరపకాయల దిష్టి కట్టింది. బిందెను గుర్తుపట్టి బావను తిట్టింది. ఆ తర్వాత ఇంటికి వెళ్లి రేడియో ముందు కూర్చుంది.

మేం నీళ్ల నడుమకు చేరాం. మోటారు దగ్గర నేను, మైకు దగ్గర బావ. పిలిచాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. బ్యాటరీ విప్పి బిగించాడు, బిందెను ఇంకాస్త లోతుకు దించాడు, తీగలన్నీ లాగి చూశాడు. ఎండకు ముఖం వాడిపోయింది.

"పడవ పోయినట్టే బామ్మర్ది" అన్నాడు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు చాలా బాధేసింది.

అప్పుడు వంగి బొంగు మొదలు చూశాడు. అక్క నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చింది దారానికి కాదు, సన్నటి ఇనుప తీగకు. పైకి పోయే తీగా నీళ్లలోకి దిగే తీగా ఒకదాన్నొకటి తాకకూడదు. దిష్టి తీగ ఆ రెంటినీ కలిపి చుట్టేసింది. గాలిలోకి పోవాల్సిన బావ మాటలన్నీ నేరుగా మా అవ్వ బిందెలోకి దిగుతున్నాయి.

"కోసి పారేద్దాం" అన్నాను.

"పిచ్చోనివా? మీ అక్క కట్టింది పారేసి ఇంటికెట్ల పోవాలె?"

తువ్వాల అంచు నుంచి దారాలు లాగి పేనాడు. ఊగుతున్న పడవలో మోకాళ్ల మీద కూర్చుని, నిమ్మకాయనూ మిరపకాయలనూ ఒక్కొక్కటిగా దారానికి మార్చి, అదే చోట మళ్లీ కట్టాడు. అదే చేత్తో చెమట తుడుచుకోబోయి కళ్లు కూడా రుద్దుకున్నాడు. కాసేపు పడవలో గంతులు. ఆయన వెంట తిరిగి తడిసినంతగా, నవ్వినంతగా నేను ఇంకెవరి వెంటా తడవలేదు, నవ్వలేదు. అందుకు ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

కళ్లు మూసుకునే మళ్లీ పిలిచాడు. గరగరమని చప్పుడు. వెంటనే అక్క గొంతు. నియమం ప్రకారం ముందు లైసెన్సుతో వచ్చిన తన గుర్తు పేరు, కాల్‌సైన్, ఒక్కో అక్షరం విడమరిచి చెప్పి, "ఇనవడ్తుంది. చెప్పు. ఓవర్" అంది.

ముక్కూ మొహం తెలియని దేశాలవాళ్లతో మాట్లాడినవాడు, మైకు పట్టుకుని నా వంక చూశాడు. ఏదో ఒకటి చెప్పమని సైగ చేశాను.

"అన్నం తిన్నవా? ఓవర్."

"పండుగ పూట నువ్వు రాకుంట నేనెట్ల తింట? జల్ది రా. ఓవర్."

నేను పడవను ఒడ్డు వైపు తిప్పాను. బావ మైకును రెండు చేతులా పట్టుకుని, అక్క మాట ఆగిపోయినా రేడియో వైపే చెవి వంచి కూర్చున్నాడు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. మిరపకాయ మంటేనని ఒడ్డు చేరేదాకా నాకు చెబుతూనే ఉన్నాడు.