డగ్లస్ గారిని చీరలో చుట్టిన శనివారం

జీవితంలో చాలామందిని ఇబ్బంది పెట్టాను గానీ, అరవై ఎనిమిదేళ్ళ పెద్దమనిషిని జార్జెట్ చీరలో చుట్టి, రెండు దేవదారు చెట్ల మధ్య వేలాడదీసిన ఘనత ఒక్కసారే దక్కింది. ఆ ఘోరం ఇప్పుడు చెప్పబోతున్నాను. ముందే మంచినీళ్ళు తాగి కూర్చోండి. మధ్యలో పొలమారితే నా పూచీ లేదు.

అప్పుడు నేను పరాయిదేశంలో, బర్నబీ అనే ఊళ్ళో చదువుకుంటున్నాను. మా క్లాసులో కళ్ళు మూసుకుని రాయి విసిరితే తెలుగువాళ్ళకే తగిలేది, అంతమందిమి దిగాం ఆ ఏడాది. నేనూ, వరంగల్ నుంచి వచ్చిన లావణ్యా ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. సాయంత్రాలు నేను కాఫీ షాపులో పనిచేసేదాన్ని. అక్కడికి రోజూ వచ్చే పెద్దాయనే డగ్లస్ గారు. నాలుగు టీ బ్యాగులు కొని, వాటి దారాలకు వేలాడే కాగితం ముక్కలు చింపి నా చేతిలో పెట్టేవారు.

"ఎందుకండీ చింపుతారు?" అని ఒకరోజు అడిగాను.

"అడవికి తీసుకెళ్తాను. ఆ కాగితాల బరువు కూడా నేనే మోయాలా?"

ఆయనకో బృందం ఉండేది. చెట్ల మధ్య తేలికపాటి హ్యామక్ కట్టుకుని, ఆ గుడ్డ ఉయ్యాలలో పడుకోవడం వాళ్ళ సరదా. వాటిని తామే కుట్టుకుంటారు, రోజుకో కొత్త ఉపాయం కనిపెడతారు. బరువు తగ్గాలని టూత్‌బ్రష్ పిడి కూడా సగానికి కోస్తారు. మా అమ్మ బంగారాన్ని కూడా అంత శ్రద్ధగా తూయించదు. గ్రాము కోసం కోటి విద్యలు!

నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే ఈ కథే లేదు.

"మేం పుట్టడమే హ్యామక్‌లో పుడతామండీ," అన్నాను. "పసిపిల్లల్ని చీర ఉయ్యాలలోనే పెంచుతాం. పెద్దవాళ్ళు కూడా అందులోనే పడుకుంటారు."

ఆ చివరి వాక్యం నా సొంత కవిత్వం. ఆయన కప్పు కింద పెట్టేశారు.

"శనివారం పార్కులో అందరం కొత్తగా కుట్టినవి చూపించుకుంటాం. నువ్వూ తీసుకురా!"

"తప్పకుండా!" అంది నా నోరు, నన్ను అడక్కుండానే.

నా దగ్గర ఉన్నవి రెండూ పట్టుచీరలు, ఇటుకలంత బరువు. లావణ్య దగ్గర మాత్రం ఊదారంగు జార్జెట్ చీర ఉంది. ఆదివారం తెలుగువాళ్ళ సభలో వ్యాఖ్యానం చెప్పడానికి కట్టుకోవాలని ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. శనివారం తను పనికి వెళ్ళగానే ఆ చీర తీశాను. 'సాయంత్రానికి మడతపెట్టి పెట్టేస్తే తప్పా?' అని నా అంతరాత్మను అడిగాను. అది కూడా పార్ట్‌టైమ్‌కి వెళ్ళినట్టుంది.

పార్కులో డగ్లస్ గారు చీరను చిన్న త్రాసుకు తగిలించి చూశారు. "నాలుగు వందల గ్రాములు కూడా లేదు!" అంటూంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

పక్కనే ఉన్న సూసన్‌కు మాత్రం అనుమానం వచ్చింది. ఆవిడ నర్సు, ఆ బృందంలో పాతకాపు. "ఇంత పల్చటిది మనిషిని ఆపుతుందా?" అంది.

"రెండు పొరలు వేశానుగా!" అని, వీడియోలో చూసిన ముడులు చెట్లకు బిగించాను.

"అయితే ముందు నువ్వు పడుకో."

"పెద్దవాళ్ళు ముందు. అది మా సంప్రదాయం!" అన్నాను. సంప్రదాయాలు ఇలాగే పుడతాయి కాబోలు.

డగ్లస్ గారు రెండు పొరలనూ విడదీసి చూశారు. "ఆహా, దోమతెర కూడా ఇందులోనే!" అని మురిసిపోతూ వాటి మధ్యలోకి దూరారు. జార్జెట్ సాగింది. ఇంకా సాగింది. ఆయన నేలకు జానెడు ఎత్తు దాకా దిగిపోయారు. పై పొర ముఖానికి అతుక్కుపోయింది. బయటికి రావాలని పక్కకు తిరిగేసరికి చీర మొత్తం ఒక మెలిక తిరిగింది. ఇక చూడండి, పూతరేకులో బెల్లంపొడిలా ఆయన, చుట్టూ నోళ్ళు తెరుచుకుని మేము.

"అమ్మాయ్, బయటికి దారెటు?"

"వచ్చినవైపేనండీ!"

"ఎటునుంచి వచ్చాను?"

ముడులు విప్పబోతే బరువుకు రాళ్ళలా బిగుసుకున్నాయి. సూసన్ కత్తి తీసింది. బరువు తగ్గాలని పిడి కోసేసిన కత్తి, గోరంత ఉంది.

"వద్దు! అది నా చీర కాదు!" అని అరిచాను.

అందరూ నావైపు తిరిగారు. "మరి ఎవరిది?" అంది సూసన్.

"ఎవరిదైనా సరే, కోయండి!" అంది చీర.

ఆ గోరంత కత్తితో పై పొర కోయడానికి పది నిమిషాలు పట్టింది. డగ్లస్ గారు నాచు మీదికి దొర్లుకుంటూ వచ్చారు. కళ్ళజోడు ఒక చెవికే వేలాడుతోంది.

సాయంత్రం లావణ్య వచ్చింది. "నా ఊదారంగు చీర ఏడున్నదే?"

"ఏ ముక్క కావాలి?" అన్నాను.

తను తిట్టలేదు. మంచం మీద కూర్చుని, రెండు ముక్కల్నీ ఒళ్ళో పెట్టుకుంది. "మా అక్క ఫస్ట్ జీతంతోని కొనిచ్చిందే ఇది," అంది మెల్లగా. తిట్టినా బాగుండేది. నేను ఏడుస్తూ డగ్లస్ గారికి ఫోన్ చేశాను.

"కోసింది మేమే, కుట్టేదీ మేమే," అన్నారాయన.

ఆ రాత్రే వచ్చి ముక్కలు తీసుకెళ్ళి, ఆదివారం మధ్యాహ్నానికి చీర కుట్టి తెచ్చిచ్చారు. కుట్టు ఎక్కడుందో వెతికినా దొరకలేదు. లావణ్య ఆయన్ను వాటేసుకుని, "అంకుల్, మీరూ సభకు రావాలె!" అంది. టైమైపోతోందని గబగబా కట్టుకుని వేదికెక్కింది.

ఆయన చెప్పడం మరిచింది ఒక్కటే. అంచులు బలహీనంగా ఉన్నాయని, తమ హ్యామక్‌లకు కుట్టినట్టే చీర రెండు కొసలకూ ఉక్కులాంటి సన్నటి తాడుతో ఉచ్చులు కుట్టారు. ఒకటి నడుము దగ్గర దోపిన చోట దాక్కుంది. రెండోది కొంగుకు.

"సభకు నమస్కారం" చెప్పి, ముఖ్య అతిథిని ఆహ్వానించడానికి లావణ్య నాలుగడుగులు వేసింది. కొంగు ఉచ్చు మైకు స్టాండుకు తగులుకుంది. కొత్తపెళ్ళికొడుకులా మైకు ఆమె వెనకే నడిచింది. తర్వాత ఆ మైకే ముఖ్య అతిథి ఒళ్ళో పడింది.

ముందు వరుసలో, తనతో వచ్చిన సూసన్ పక్కనుంచి డగ్లస్ గారు చప్పట్లు కొడుతూ లేచారు. "చూశావా సూసన్! కుట్టు చెక్కుచెదరలేదు!"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. చీర కట్టనేల, కత్తి పెట్టనేల అంటాను నేను. కాబట్టి పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట అడక్కుండా ఎవరి చీరా ముట్టను. ముట్టినా చెట్టుకు కట్టను. కట్టినా, సంప్రదాయం పేరు చెప్పి పెద్దమనుషుల్ని అందులోకి ఎక్కించను.