వెల్డా క్రౌస్ కట్టించిన భవనం

తెర తీయగానే వెల్డా క్రౌస్‌కు ఒళ్లు మండిపోయింది. కాలేజీ బేస్‌బాల్ మైదానం పక్కన కొత్త భవనం, దాని తెల్లగోడ మీద కంచు పలక. పలక మీద ‘మెర్ల్ క్రౌస్ బ్యాటింగ్ భవనం’ అని ఉంది. జనం చప్పట్లు కొట్టారు. పక్కనున్నావిడ కళ్లు కూడా ఒత్తుకుంది. ఏం మనుషులండీ!

మెర్ల్ ఆమె భర్త, పోయి నాలుగేళ్లయింది. మంచివాడే, కాదనం. కానీ ఈ కాలేజీ గడప తొక్కినవాడు కాదు. బేస్‌బాల్ అంటే ఆవులింతలే. మ్యాచ్ ఉన్న రోజు గాలం పట్టుకుని చేపలకు పోయేవాడు. ఇక్కడ చదివింది వెల్డా. ఆ రోజుల్లో ఆడపిల్ల చేతికి బ్యాటు ఇచ్చేదెవరు? జట్టు బట్టలు ఉతకమన్నారు. ఉతికింది. పెళ్లయ్యాక కూడా ఏటా వసంతంలో ఆటగాళ్ల తెల్ల ప్యాంట్లు ఆమె పెరట్లోనే ఆరేవి. చలికాలం కుర్రాళ్లు సాధనకు చోటులేక పశువుల కొట్టంలో బ్యాట్లు తిప్పుతుంటే చూడలేక, తండ్రి తన పేర రాసిన గోధుమ పొలం అమ్మి ఈ భవనానికి ఇచ్చింది. గోడ మీద తన పేరు పెట్టమంది. నసగలేదు, గట్టిగానే అడిగింది.

"ఇదేమిటయ్యా?" అంది కాలేజీ అధ్యక్షుడు విట్‌లోతో.

ఆయన మురిసిపోతూ ఆమె చేతులు పట్టుకున్నాడు. "మీకు చెప్పకుండా చేశామమ్మా! మీ పేరే అన్నారనుకోండి, కానీ మీ మనసులో ఉన్నది ఆయనేనని మాకు తెలీదా?"

"నా మనసులో ఏముందో నా నోటితో చెప్తే వినబళ్లేదా? పొలం అమ్మి ఇస్తానన్నప్పుడు బాగానే వినబడిందే!"

"నలుగురూ ఉన్నారమ్మా... పలక పోత పోసేశారు, ఇప్పుడు మార్చాలంటే..."

ఇంతలో ఈదురుగాలి లేచింది, టపటపా చినుకులు పడ్డాయి. వాన వస్తే అభిమానులంతా కంచె దాటి దిగి, మైదానం మట్టి తడవకుండా పెద్ద టార్పాలిన్ పట్టా కప్పాలి. ఇక్కడ అదే ఆనవాయితీ.

"పెద్దమ్మా, పట్టా!" అని అరిచాడు కోచ్ డెనీ.

"మీ మెర్ల్‌ను పిలుచుకోరా, వచ్చి లాగుతాడు!" అని కసిరింది.

అందే గానీ ఆగలేకపోయింది. కొత్త చెప్పులతోనే బురదలోకి దిగి పట్టా అంచు పట్టుకుంది. లాగినంతసేపూ తిడుతూనే ఉంది. విట్‌లో మాత్రం భవనం చూరు కింద పొడిపొడిగా నిలబడ్డాడు.

పట్టా పరిచాక వెల్డా నేరుగా ఆయన పక్కకే వచ్చింది. మోచేతుల దాకా ఓక్లహోమా ఎర్రమట్టి. పలక కింద, తెల్లగోడ మీద, వేలితో పెద్ద పెద్ద అక్షరాలు దిద్దింది: వెల్డా క్రౌస్. చేతి మట్టి చాలకపోతే చెప్పుకంటిన బురద తీసి మరీ పూర్తి చేసింది.

"అయ్యయ్యో, ఇదేం పనమ్మా!" విట్‌లో జేబురుమాలు తీసి తుడవబోయాడు. మరక ఇంకా పాకింది. "కడిగితే పోతుందా ఇది?"

"పోదయ్యా," అంది వెల్డా. "ఈ మట్టిని ఇన్నేళ్లు ఉతికినదాన్ని, నాకు తెలీదా?"