బీరువాలో ఉన్న ఫోను నుంచి వెళ్ళిన కాల్

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. పాతికేళ్ళుగా హైస్కూల్లో సైన్సు చెబుతున్నదాన్ని. పిల్లలెవరైనా దెయ్యం కథ మొదలుపెడితే దాని బరువెంత, వేగమెంత అని అడిగి నోరు మూయించేదాన్ని. కాబట్టి "పాపం, మొగుడికి దెబ్బ తగిలాక మతి చలించింది" అనుకునేవాళ్ళు ఇక్కడే చదవడం ఆపేయవచ్చు.

మా ఆయనకు చీపురుపల్లిలో ఎరువుల కొట్టు ఉంది. ఒక మార్చి నెల ఉదయం రాజాం రోడ్డులో స్కూటరు మీద వెళ్తుంటే వెనకనుంచి ఒక తెల్ల కారు గుద్ది, ఆగకుండా పోయింది. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఆయన ఫోను ముక్కలైంది. 108 బండి వచ్చి విజయనగరం ఆసుపత్రికి చేర్చింది. ఎవరో పుణ్యాత్ములు ఫోను చేసి ఉంటారనుకున్నాం.

ఆ ఉదయం నేను వేరే ఊళ్ళో పదో తరగతి పరీక్షల డ్యూటీలో ఉన్నాను. అక్కడ మా ఫోన్లు మా దగ్గర ఉంచరు. తొమ్మిదింటికే స్విచాఫ్ చేసి హెడ్మాస్టరు చేతికిచ్చాను, రిజిస్టరులో సంతకం పెట్టాను. ఆయన బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒంటిగంటకు మళ్ళీ సంతకం పెట్టి తీసుకున్నాను. అప్పుడే కబురు తెలిసింది.

ఆసుపత్రి నుంచి పోలీసు స్టేషనుకు వెళ్ళిన చీటీలో "గుర్తు తెలియని వాహనం" అని రాశారు. మర్నాడు ఆయనకు తెలివొచ్చి కారు నంబరు చెప్పారు. పడుతూ చూశారట. నేను వెంటనే స్టేషనుకు బయల్దేరితే అత్తగారు ఆసుపత్రి వరండాలో నా కొంగు పట్టుకున్నారు.

"ఓలమ్మా, కొత్తమాస ముందర పోలీసు గుమ్మం ఎక్కుతావేటి? ఏడాదంతా అక్కడే తిరగాల. పండగెల్లాక ఎల్లు."

కొత్తమాస అంటే మా వైపు ఉగాది ముందురోజు వచ్చే అమావాస్య. ఎవరి మాటా వినని నేను ఆ ఒక్కరోజు విన్నాను. కొడుకును ఆపరేషన్‌కి తీసుకెళ్ళే వేళ ఆవిడను ఏడిపించాలనిపించలేదు. ఉగాది మర్నాడు ఫిర్యాదు ఇచ్చాను. అప్పటికి ప్రమాదం జరిగి ఐదు రోజులు.

ఆ ఐదు రోజులే మా మెడకు చుట్టుకున్నాయి. విజయనగరంలో ప్రమాదాల ట్రిబ్యునల్లో నష్టపరిహారం కేసు వేస్తే, ఇన్సూరెన్సు లాయరు ఒకటే మాట పట్టుకున్నాడు. గుద్దిన బండేదో మాకు తెలియదట, తీరిగ్గా కూర్చుని పాలసీ ఉన్న కారు నంబరొకటి వెతికి రాశామట. కారు యజమానేమో బంపరు సొట్ట గేదె తగిలి పడిందన్నాడు. మొదటి ఆపరేషన్‌లో కాలు వంకరగా అతికింది, కేసు పోతే రెండో ఆపరేషన్‌కి డబ్బు లేదు. మా ఆయన బతుకంతా ఆ వంకర కాలితోనే నడవాలి.

మా లాయరు 108కి వచ్చిన కాల్ రికార్డు కోర్టు ద్వారా తెప్పించారు. టైము పదకొండు. మాట్లాడింది ఆడమనిషి. చోటు చెప్పింది, కారు నంబరు అంకె పొల్లుపోకుండా చెప్పింది. తరవాత, "ఊరి పేరెన్నిసార్లు అడుగుతావు బాబూ? ముందు బండి పంపించు, రాసుకోడం తరవాత" అంది. ఆ మాటల వెనక బడిగంట వినిపించింది. ప్రమాదం జరిగిన చోట బడి లేదు, అన్నీ పొలాలే.

ఆ గొంతు నాది. ఫోను నంబరు కూడా నాదే.

మా లాయరు తల గోక్కున్నారు. "మేడమ్, ఏటీ ఆలోసించకండి. మా ఆయన ఫోన్లో నంబరు సెప్పారు, నేను నూట ఎనిమిదికి సేసాను అనీండి. అయిపోద్ది."

"ఆయన ఫోను ముక్కలైంది, నాది బీరువాలో ఉంది. ఏ ఫోన్లో చెప్పారంటాను?"

"అబద్దం ఆడనంటారు. నిజం సెప్తే నవ్వుతారు. మరేటి సేద్దాం?"

"నవ్వనీండి," అన్నాను. పాతికేళ్ళుగా పరీక్షల్లో పిల్లల దగ్గర కాపీ చీటీలు పట్టుకున్నదాన్ని, బోనెక్కి ఇంకొకరి చీటీ చూసి అప్పజెప్పలేను.

బోనులో ఉన్నదున్నట్టు చెప్పాను. గొంతు నాది, నంబరు నాది, ఫోను మాత్రం నేను చేయలేదు, ఇదిగో రిజిస్టరు నకలు.

ఇన్సూరెన్సు లాయరు నవ్వాడు. "అయితే దెయ్యం చేసిందంటారా?"

"నేననలేదు, మీరన్నారు. అనుమానముంటే సమన్లు పంపి మీరే అడగండి."

జడ్జిగారు తల వంచుకుని ఏదో రాసుకున్నారు.

తీర్పులో ఆయన రాసింది ఇది: కాల్ ఎవరు చేశారో తేలలేదు, కానీ ఫిర్యాదుకు ఐదు రోజుల ముందే, ప్రమాదం జరిగిన కాసేపటికే ఆ నంబరు రికార్డయింది గనుక తరవాత కల్పించింది కాదు. బంపరుకు స్కూటరు రంగు అంటుకుందని తనిఖీ రిపోర్టులోనూ ఉంది. గెలిచాం. రెండో ఆపరేషన్ అయింది. మా ఆయన ఇప్పుడు కర్ర లేకుండా కొట్టుకు వెళ్తున్నారు.

కొత్తమాస దాటాక వెళ్ళినా మూడేళ్ళు తిరగలేదా అని అత్తగారిని నిలదీశాను. "ముందరెల్తే ఆరేళ్ళు తిరిగుందువు," అన్నారు. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

ఒక మాట మిగిలింది. తెలివొచ్చిన రోజున మా ఆయన నంబరుతో పాటు ఇంకోటి కూడా చెప్పారు. మత్తుమందు మాటలని కొట్టిపారేశాను.

"రోడ్డు మీద పడున్నప్పుడు నువ్వు ఎవల్నో తిడతన్నావు. ఇనబడ్డాది. నువ్వొచ్చీసావు, మరి పర్లేదని కళ్ళు మూసుకున్నాను."

ఆ పదకొండు గంటలకు నేను మూడో నంబరు గదిలో కిటికీ పక్కన నిలబడి ఉన్నాను. ఇరవైనలుగురు పిల్లలు సాక్షి. నేను నోరు విప్పలేదు. దీనికి ఎవరి దగ్గరైనా జవాబుంటే రండి, వింటాను. ఎదురు ప్రశ్నలు వేస్తానని ముందే చెబుతున్నాను.